కఠినశ్రమ – రక్తము – అంతరావయవములు

(ఆగిరిపల్లిలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఆగిరిపల్లికి వచ్చువారికి మొదట కానవచ్చునది శోభనాచలము. స్వామి దర్శనమునకై ఆ కొండమెట్లు ఎక్కనివారు ఈ సభలో ఉండరని తలచెదము. మెట్లెక్కునపుడు గుండె వేగముగ కొట్టుకొనును, ఆయాసము కలుగును, నుదుట చెమట పట్టును. పైకి చేరి కొంతసేపు కూర్చున్నచో అన్నియు సర్దుకొనును. ప్రతిదినము గొర్రెలను మేపుకొనుచు గట్టులెక్కి దిగు కాపరికి ఈ మెట్లు ఒక లెక్కలోనివి కావు. పట్టణమునుండి కారులో వచ్చిన చుట్టమునకు సగము మెట్లకే కాళ్లు వణకును. ఇరువురిలోను ఉన్నవి అవే అవయవములు. మరి ఈ భేదము ఎచ్చటిది? ఒడలు వంచి శ్రమించునపుడు మన రక్తమునకు, గుండెకు, మూత్రపిండములకు, కాలేయమునకు కలుగు మార్పులెట్టివి? వానిలో మేలు చేయునవేవి, కీడు చేయునవేవి? ఈ దినము మీతో ముచ్చటించదలచిన విషయమిది.

ఇది వైద్యులకు సంబంధించిన విషయము గదా, పంచాయతీకి దీనితో నేమి పని అని మీలో కొందరికి తోచవచ్చును. మన ప్రాంతపు పనుల కాలమును ఒకసారి తలచుకొనుడు. నూజివీటి రసములు, బంగినపల్లి, కలెక్టరు కాయ దింపునది ఏప్రిలు మొదలు జూను వరకు. గెడ ఎత్తి కోయుట, ట్రేలు మోయుట, లారీల కెత్తుట అన్నియు ఆ నెలలలోనే. పొలములలో పని తక్కువగ నుండుటచే ఉపాధి పనులు, చెరువుల పూడికతీతలు సాగునదియు వేసవిలోనే. ఏడాది మొత్తములో మిక్కిలి కష్టమైన పనియు, మిక్కిలి తీవ్రమైన ఎండయు ఒకే కాలమున వచ్చిపడుచున్నవి. ఆ పనివారలకు నీరు, నీడ సమకూర్చు బాధ్యతలో మీకును పాలు కలదు. కావున ఈ విషయము మీదియే.

వంతుల నీరు

ఎదిగిన మనిషి దేహమున సుమారు 5 లీటర్ల రక్తముండును. విశ్రాంతిగ కూర్చున్నపుడు గుండె నిమిషమునకు సుమారు 70 మారులు కొట్టుకొని, ఆ 5 లీటర్లను నిమిషమునకొకసారి దేహమంతటను త్రిప్పును. గడ్డపార పట్టినపుడు, బస్తా మోసినపుడు, పరుగెత్తినపుడు గుండె 150, 180 మారుల వరకు కొట్టుకొని, ఆరోగ్యవంతుడైన యువకునిలో నిమిషమునకు 20 లీటర్ల వరకు తోడిపోయును. విశ్రాంతిలో నిమిషమునకు 6 లీటర్ల గాలి పీల్చు ఊపిరితిత్తులు, అతి కఠినమైన శ్రమలో 100 లీటర్లకు పైగా పీల్చును. ఉన్న రక్తము పెరుగలేదు. దానిని త్రిప్పు వేగము మాత్రమే పెరిగినది.

వేగము పెరుగుటతోనే పని తీరదు. పంపకము కూడ మారవలెను. చెరువులో నీరు పరిమితముగ నున్నపుడు మీరేమి చేయుదురు? ఎండిపోవుచున్న చేనికి ముందు నీరు పెట్టి, ఆగగలిగిన చేల తూములు దించుదురు. దేహమును అట్లే చేయును. విశ్రాంతిలో కండరములకు పోవునది మొత్తము రక్తములో సుమారు అయిదవ వంతు. కఠినశ్రమలో నూటికి 80 పాళ్లు కండరములకే పోవును. ఈ రక్తమును ఇచ్చుటకై కడుపు, ప్రేవులు, కాలేయము, మూత్రపిండముల తూములను నరములు దించివేయును. మూత్రపిండములకు విశ్రాంతిలో నిమిషమునకు లీటరుకు పైగా రక్తము అందును. అతి తీవ్రమైన శ్రమలో అది నాల్గవ వంతునకు తగ్గవచ్చును. కడుపునిండ భోజనము చేసి వెంటనే బరువు మోసిన వానికి వికారము, కడుపునొప్పి కలుగుట ఇందువలననే. మెదడు వంతును మాత్రము దేహము తగ్గనీయదు.

ఈ పంపకము కొంతసేపటికి మాత్రమే ఏర్పడినది. పని ఆగగానే తూములు మరల తెరచుకొని, ప్రేవులకు, మూత్రపిండములకు వాని వంతు అందును. కావున నడుమ నడుమ విశ్రాంతి అనునది సోమరితనము కాదు. లోపలి అవయవములు తమ వంతు నీరు పొందు సమయమది.

కండరములోని పొయ్యి

కండరము పని చేయుటకు శక్తి ఎచ్చటినుండి వచ్చునను ప్రశ్నకు సమాధానము కనుగొన్నవారిలో ఒకరు మన తెలుగువారని చెప్పుటకు గర్వించుచున్నాము. డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరములో జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, 1923లో అమెరికాలోని బోస్టను నగరమునకు వెళ్లిరి. అచ్చట హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కె అను పండితునితో కలసి, కండరములలో ఫాస్ఫోక్రియేటిను అను పదార్థము కలదని 1927లో ప్రకటించిరి. ఏ.టి.పి. అని నేడు బడిపిల్లలు కూడ చదువు శక్తి పదార్థమును 1929లో వెల్లడించినవారిలోను వారొకరు.

బస్తాను ఒక్క ఊపున భుజముపైకి ఎత్తునపుడు ఖర్చగునది ఈ నిలువ సరుకే. అది సుమారు 10 సెకనులకు సరిపోవును. తరువాత కండరము తనలోని చక్కెరను కరగించును. గాలి చాలనిచో అపుడు లాక్టికామ్లము పుట్టి కండరము మండును. ఊపిరి పట్టుబడి, రక్తము ప్రాణవాయువును చాలినంత తెచ్చిన పిమ్మట, చక్కెరను, క్రొవ్వును నిదానముగ దహించి గంటల తరబడి పని చేయును. మన రైతుకూలీ రోజంతయు చేయుపని ఈ మూడవ తీరు పని.

ఇందొక ముఖ్యవిషయము కలదు. కండరము దహించిన శక్తిలో పనిగా మారునది సుమారు నాల్గవ వంతు మాత్రమే. తక్కినదంతయు వేడిగా మారును. అనగా శ్రమించు మనిషి తనలో ఒక పొయ్యిని మోయుచున్నాడు. చల్లని వేళ ఆ వేడి చర్మముగుండ, చెమటగుండ సులభముగ పోవును. మే నెల మధ్యాహ్నమున అది ఎచ్చటికి పోవలెను?

ఎండ తోడైనపుడు

ఎండలో రక్తమునకు మరియొక హక్కుదారు వచ్చును. అది చర్మము. లోపలి వేడిని బయటికి చేర్చుటకై చర్మమునకు రక్తము పోవలెను. కండరములు వదలవు, చర్మము అడుగును, మెదడు వంతు తగ్గరాదు. మరల నష్టపోవునవి ప్రేవులు, మూత్రపిండములే. దీనికి తోడు గంటకు లీటరు, అంతకు మించి కూడ చెమట పోవును. ఆ నీరు రక్తమునుండియే పోవుటచే రక్తము చిక్కబడును. గుండెకు తిరిగి వచ్చునది తగ్గును. గుండె మరింత వేగముగ కొట్టుకొనవలసి వచ్చును. మూత్రపిండములు ఉన్న నీటిని పొదుపు చేయుటచే మూత్రము తగ్గి ముదురుపసుపు రంగు తిరుగును. అది దేహము వ్రాసిన మొదటి అర్జీ.

ఆ అర్జీని త్రోసివేసినచో కీడు మొదలగును. రక్తము చాలని ప్రేవుల పొర బలహీనపడి, లోపలి విషపదార్థములు రక్తములోనికి చొరబడును. శక్తికి మించి పనిచేసిన కండరముల పోగులు చిట్లి, వానిలోని ఎర్రని రంగు పదార్థము రక్తములో కలసి మూత్రపిండములకు చేరి వానిని పూడ్చివేయును. అపుడు మూత్రము తేనీటి డికాక్షను రంగున వచ్చును. దేహపు వేడి 40 డిగ్రీలు దాటినపుడు మెదడు చెదరును; మాట తడబడును; నడక తూలును; తుదకు స్పృహ తప్పును. ఇదియే వడదెబ్బ. ఇందు కాలేయము, మూత్రపిండములు, గుండె అన్నియు ఒకేసారి దెబ్బతినవచ్చును.

2015 మే నెలలో వడగాలులకు ఆంధ్రప్రదేశమున వెయ్యిమందికి పైగా మరణించిరి. వారిలో ఎండలో కాయకష్టము చేసినవారును, వృద్ధులును కలరు.

మేము స్వయముగ ఎరిగిన ఒక సంగతి చెప్పెదము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక మామిడితోటలో కాయ దింపుచున్న ముఠాలోనికి ఒక యువకుడు క్రొత్తగ వచ్చెను. పదునైదు దినములుగ ఎండకు అలవాటుపడిన పాతవారితో సమానముగ మొదటిదినముననే ట్రేలు మోసెను. రెండుజాముల వేళకు మాట తడబడసాగెను. తాగి వచ్చినాడని తక్కినవారు నవ్విరి. చెట్టుక్రింద పడుకొనగా నిద్రపోవుచున్నాడని వదలివేసిరి. సాయంకాలము లేపబోయినపుడు లేవలేదు. పదిగజముల దూరమున బోరు మోటారు పోయుచునే యున్నది. ఒక బిందెడు నీరు అతనిపై కుమ్మరించినవారు లేరు. ప్రాణము దక్కినది గాని, మూత్రపిండములు దెబ్బతిని కొన్ని వారములు డయాలిసిసు చేయవలసి వచ్చెను. ఆ యేడు అతడు మరల పనికి పోలేదు. ఆ వేసవిలో వడదెబ్బపై మేము అచ్చువేయించిన కరపత్రములు కార్యాలయపు గోడలపైననే మిగిలినవని, ఆ తోటకు ఒక్కటియు చేరలేదని తరువాత తెలిసికొంటిమి. నేడు మీ ఎదుట నిలిచి మాటాడుటకు అది కూడ ఒక కారణము.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానములోను, మనకు చేరువనున్న ఎ. కొండూరు మండలములోను మూత్రపిండవ్యాధి ఎన్ని కుటుంబములను క్రుంగదీసినదో మీరెరుగుదురు. దానికి ఎండలోని శ్రమయే కారణమని మేము చెప్పుట లేదు. త్రాగునీరు మొదలైన పలు అంశములను శాస్త్రజ్ఞులు పరిశీలించుచున్నారు. అయితే మధ్య అమెరికా దేశములలో చెరకు నరకు కూలీలకు ఇట్టి వ్యాధియే వ్యాపించగా, వేడిలో విరామము లేని శ్రమ దానికి ముఖ్యకారణములలో ఒకటని పరిశోధకులు ఎంచిరి. అచ్చట పనివేళలలో నీరు, నీడ, విరామము ఏర్పరచిన చోట్ల మూత్రపిండములకు దెబ్బ తగ్గినది. ఈ మూడును మన శక్తికి మించినవి కావు.

రక్తహీనత

శ్రమించునపుడు ప్రాణవాయువును మోయునది రక్తములోని హిమోగ్లోబిను. స్త్రీలకు డెసిలీటరుకు 12 గ్రాములైనను ఉండవలెను. 8 గ్రాములే యున్న స్త్రీ రక్తము, 12 గ్రాములున్నవారి రక్తము మోయు ప్రాణవాయువులో మూడింట రెండు వంతులే మోయగలదు. మిగిలిన లోటును గుండె వేగమే పూరింపవలెను. ఒకే తట్ట మట్టి మోసినను ఆమె గుండె పక్కనున్న ఆమె గుండెకంటె అధికముగ శ్రమించును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల వయసు స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కలదు. పనిలో వెనుకబడినదని మేస్త్రి కోపపడు ఆడకూలీ సోమరి కాదు. ఆమెకు చాలినంత రక్తము లేకపోవచ్చును.

సుబ్బారావుగారి పేరు ఇచ్చట మరల చెప్పవలసియున్నది. ఫోలికామ్లమును ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ సంస్థ పరిశోధకులకు వారే నాయకులు. ఇనుముతో కలిపి ఆశా కార్యకర్తలు మన గ్రామములలో ఇచ్చు మాత్రలలో ఉన్నది ఆ ఫోలికామ్లమే. ఆ మాత్రలు చూరులో దోపబడుచున్నవో, మ్రింగబడుచున్నవో విచారించుట మీ వార్డు సభ్యులకు కష్టమైన పని కాదు.

శ్రమ వలని మేలు

ఇంతవరకు విని శ్రమయే కీడని ఎవరును భావింపరాదు. క్రమముగ పెంచిన శ్రమవంటి ఔషధము లేదు. వేడిలో పని ప్రారంభించిన 7 మొదలు 14 దినములలో దేహము అలవాటుపడును: రక్తములోని నీటిభాగము పెరుగును, చెమట త్వరగ పట్టును, అందు ఉప్పు తక్కువగ పోవును. నెలల అభ్యాసముచే ఎర్రకణములు పెరుగును. గుండె ఒక్కొక్క కొట్టుకు ఎక్కువ రక్తమును పంపును. అందుచే బాగుగ సాధన చేసిన క్రీడాకారుని గుండె విశ్రాంతిలో నిమిషమునకు 50 మారులే కొట్టుకొనవచ్చును. కండరములు రక్తములోని చక్కెరను వాడుకొనుటచే మధుమేహము అదుపులో నుండును, రక్తపుపోటు తగ్గును. కొండమెట్లపై కాపరికి, కారులో వచ్చిన చుట్టమునకు గల భేదమిదియే.

కృష్ణాజిల్లా గండిగుంటకు చెందిన దండమూడి రాజగోపాలరావుగారు 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో బరువులెత్తి కాంస్య పతకము పొందిరి. శ్రీకాకుళము జిల్లా ఆడబిడ్డ కరణం మల్లేశ్వరిగారు 2000లో సిడ్నీ ఒలింపిక్సున మొత్తము 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ మహిళ అయిరి. ఆ బరువులు ఒక్క దినమున ఎత్తినవి కావు. కొద్ది కొద్దిగ, ఏండ్ల తరబడి పెంచుకొన్నవి. పోలీసు, సైనిక ఉద్యోగములకై మన యువకులు పరుగులు తీయుచున్నారు. నెలల ముందు ప్రారంభించి దినదినము పెంచుకొన్నవానికి ఆ పరుగు ఆరోగ్యము. ఎంపికకు పదిదినముల ముందు లేచి ఎండలో పరుగెత్తినవానికి అది అపాయము. జ్వరము తగిలి లేచినవారును, గుండెజబ్బు, రక్తపుపోటు గలవారును వైద్యుని సలహా లేనిదే కఠినశ్రమకు దిగరాదు.

మరియొక చిన్న మాట. గట్టిగ శ్రమించిన పిమ్మట కొన్ని గంటలవరకు రక్తములో తెల్లకణములు హెచ్చును. కండరములనుండి వెలువడు కొన్ని పదార్థములు కొన్ని దినములు హెచ్చుగ కనుపడి, కాలేయవ్యాధి యేమోయని భ్రమ గొలుపును. రక్తపరీక్షకు పోవువారు ముందుదినము చేసిన పనిని వైద్యునికి తప్పక చెప్పవలెను.

పంచాయతీ చేయదగినవి

మొదటిది, పనివేళలు. ఎండకాలమున కోతయు, మట్టిపనియు తెల్లవారుజామున ప్రారంభమై, ఎండ ముదరకముందే ముగియునట్లు తోటల యజమానులతోను, ముఠా మేస్త్రులతోను గ్రామసభలో మాటాడి ఒప్పించుడు.

రెండవది, నీరు. దప్పిక అగువరకు ఆగక, 15, 20 నిమిషములకొక గ్లాసు చొప్పున త్రాగవలెను. గంటల తరబడి చెమటోడ్చినపుడు ఉత్తనీరు మాత్రమే అతిగా త్రాగుటయు మంచిది కాదు. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, ఓ.ఆర్.ఎస్. కావలెను. పొట్లము దొరకనిచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలుపుకొనవచ్చును. బీడీ, టీ, కల్లు నీటికి బదులు కావు.

మూడవది, క్రొత్తవారు. క్రొత్తగ ఎండపనికి వచ్చినవానికి మొదటిదినము పూర్తిపనిలో అయిదవ వంతు చాలును. పిదప దినమునకు మరియొక వంతు చొప్పున పెంచవలెను. జబ్బుపడి లేచి వచ్చినవారిని కూడ క్రొత్తవారివలెనే చూడవలెను.

నాల్గవది, నొప్పిమాత్రలు. ఒళ్లునొప్పులకని కిరాణా దుకాణములో కొని ఎండలో పనిచేయుచు మ్రింగు మాత్రలలో కొన్ని, నీరింకిన దేహమున మూత్రపిండములకు మరింత హాని చేయును. వైద్యుని అడుగక వానిని వాడవలదని చాటింపు వేయించుడు.

అయిదవది, ప్రథమ చికిత్స. ఎండలో పనిచేయువాడు తడబడినచో, తాగినాడా లేదా అను విచారణ తరువాత చేయుడు. ముందు నీడకు చేర్చి, బట్టలు వదలు చేసి, దేహమంతటను నీరు కుమ్మరించి, విసరుచుండుడు. మెడ, చంకలు, గజ్జలయందు తడిగుడ్డలుంచుడు. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. జ్వరపు మాత్ర ఇయ్యరాదు. 108కి ఫోను చేయుడు; బండి వచ్చులోపల చల్లార్చుట మానవలదు. వడదెబ్బలో ప్రాణము నిలుపునది ఆ మొదటి అరగంట. మూత్రము డికాక్షను రంగున వచ్చినవానిని ఆ దినముననే ఆసుపత్రికి పంపుడు.

ఈ పనులకు పెద్ద నిధులు అక్కరలేదు. ఒక పందిరి, రెండు కుండలు, కొన్ని ఓ.ఆర్.ఎస్. పొట్లములు, మేస్త్రికి చెప్పగల ఒక పెద్దమనిషి మాట ఉన్నచో చాలును.

మిత్రులారా, మామిడికాయను దింపుటలో మీ ప్రాంతమువారికి గల నేర్పు ప్రసిద్ధమైనది. కాయ నేలబడి నలుగకుండ చిక్కముతో పట్టుదురు. సొన కారి మచ్చ పడకుండ తొడిమతో కోయుదురు. ట్రేలో పరచి నీడకు చేర్చుదురు. దెబ్బ తగిలిన కాయ పైకి బాగుగనే కనుపడి, లోపల చెడునని మీకు తెలియును. ఆ చిక్కపుగెడ పట్టిన మనిషి కూడ అంతే. ఈ వేసవిలో కాయకంటె ముందు అతనిని నీడకు చేర్చుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.